పలువురు కలసి ఆడు కంప్యూటరు ఆటలు: నాటి రాత్రులు, నేటి పునరుద్ధరణ

పాలమూరు సీమలోని పాత గుడుల మండపములలో, ఊరి చావడుల రాతిపలకల మీద పులి–మేక ఆటకై చెక్కిన గీతలు నేటికిని అక్కడక్కడ కనబడును. ఆ ఆటకు కావలసినవి మూడే: ఒక గీతల పటము, పిడికెడు గులకరాళ్లు, ఎదుట కూర్చుండి ఆడు మనుష్యుడు. రాతి మీది పటము చెరగదు. రాళ్లు ఎక్కడనైన దొరకును. మూడవదియే దుర్లభము.

ఆ మూడవదాని కొరతను బాగుగా ఎరిగిన పట్టణములలో కోస్గి ఒకటి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడువరకు ఇది మహబూబునగరు జిల్లాలో ఉండెను. ఈ మెట్టసీమనుండి బతుకుదెరువునకై బొంబాయి, పూనా, హైదరాబాదులకు వలసపోవుట తరతరములుగా వచ్చుచున్న కథ. కూలికి పోయినవారి వెనుక చదువులకును, ఉద్యోగములకును పోయినవారు బయలుదేరిరి. 2000 తరువాతి దశకమున హైదరాబాదులో హాస్టలు గదులలో చదివిన తరమునకు, పులి–మేక స్థానమున మరియొక ఆట దొరకెను. నాలుగైదు కంప్యూటర్లను తీగెతో కలిపి, రాత్రి భోజనమైన పిమ్మట మొదలిడి, కోడికూత వరకు కలసి ఆడిన ఆట అది.

ఆ తరమువారు నేడు నడివయస్సునకు చేరిరి. ఒకరు సొంత ఊరిలో, ఒకరు బెంగుళూరులో, ఒకరు అమెరికాలో. ఆ రాత్రులను మరల ఆరంభింపవలెనను కోరిక అట్టి మిత్రబృందములలో లోకమంతట కలుగుచున్నది. అది తీరవలెనన్నచో మూడు ప్రశ్నలకు సమాధానము కావలెను. నాటి ఆట నేటి యంత్రము మీద నడచునా? వేల మైళ్ల దూరమున ఉన్నవారి నడుమ అది సరిగా సాగునా? ఆ ఆట తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నది? ఈ మూడింటికిని సమాధానము ఆ ఆటల చరిత్రలోనే ఉన్నది.

ఒకే తెర, ఇరువురు ఆటగాండ్రు

కంప్యూటరు మీది తొలినాటి ఆటలలోనే ఇరువురి ఆట కనబడును. 1958 అక్టోబరు 18వ తేదీన అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమున సందర్శకుల దినము జరిగెను. నిశ్చలముగా నిలిచిన పరికరములను చూచి జనులు విసుగు చెందుదురని తలచి, విలియం హిగిన్‌బోథమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒక వినోదమును కల్పించెను. విద్యుత్తరంగములను చూపు ఆసిలోస్కోపు గాజుతెర మీద ఒక అడ్డగీత, నడుమ వలను సూచించు చిన్న నిలువుగీత, ఇటునటు ఎగురు వెలుగుచుక్క. ఇరువురు చెరియొక పెట్టెను చేతబట్టి మీట త్రిప్పుచు, బొత్తాము నొక్కుచు ఆ చుక్కను బంతివలె కొట్టవచ్చును. దానిని ఆడుటకు జనులు బారులు తీరిరి.

1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు పిడిపి-1 అను కంప్యూటరు మీద ‘స్పేస్‌వార్’ అను ఆటను సిద్ధము చేసిరి. నడుమ ఒక నక్షత్రము తన ఆకర్షణతో లాగుచుండగా రెండు రాకెట్లు ఒకదానినొకటి కాల్చుకొనును. దాని ఆదేశములు చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీద ఉండెను. కోరినవారు నకలు తీసికొనిపోయిరి. యంత్రమును చేసిన సంస్థయే దానిని యంత్రపరీక్షకు వాడుకొనెను. ఎవరును దాచిపెట్టకపోవుట చేతనే ఆ ఆట నిలిచినది. కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలవారు ఒక పిడిపి-1ను బాగుచేసి, ఆ పాత ఆటను సందర్శకులకు ఆడి చూపగలిగిరి. ఆటల పునరుద్ధరణలో ఇది మొదటి పాఠము: నకళ్లు అనేకుల చేతిలో ఉన్న ఆట బ్రతుకును.

తీగె కలిపిన యంత్రములు

ఒకే తెర ముందు కూర్చుండగలవారు కొలదిమందియే. పలువురు ఆడవలెనన్నచో తెరలు అనేకము కావలెను. వాని నడుమ వార్త నడవవలెను. 1960లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున బోధనకై ఆరంభమైన ‘ప్లేటో’ పద్ధతిలో ఒక పెద్ద కంప్యూటరునకు దూరమున ఉన్న అనేక తెరలు కలుపబడెను. పాఠములు చెప్పుటకు పుట్టిన ఆ యంత్రము మీద 1973లో జాన్ డాలెస్కే అను విద్యార్థి ‘ఎంపైర్’ అను ఆటను వ్రాసెను. పలువురు వేరువేరు తెరల యొద్దనుండి ఒకే అంతరిక్ష యుద్ధములో పాల్గొనిరి. ఇంచుమించు అదే కాలమున నాసా వారి ఏమ్స్ కేంద్రములో ‘మేజ్ వార్’ పుట్టెను. రెండు చిన్న కంప్యూటర్లను తీగెతో కలిపి, ఒకే చిక్కుదారుల కోటలో ఇరువురు ఒకరినొకరు వెదకికొనునట్లు చేసిరి.

ఆ 1973లోనే జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ‘ఈథర్‌నెట్’ను రూపొందింప నారంభించిరి. ఒకే తీగెకు అనేక యంత్రములను తగిలించి, తీగె ఖాళీగా ఉన్నపుడు ఎవరికి వారు చిన్న చిన్న పొట్లములుగా వార్త పంపుకొను పద్ధతి ఇది. ఒక భవనములోని యంత్రములను ఇట్లు కలుపుటను స్థానికజాలము అందురు. తొలిరోజులలో వాడిన సన్నని ఏకాక్షతీగెకు రెండు కొనల యందును 50 ఓముల నిరోధకములు బిగింపవలెను. లేనిచో సంకేతము కొననుండి వెనుకకు మరలి, వచ్చు సంకేతములను చెరుపును. నడుమ ఒక్క ముడి వదులైనను జాలమంతయు మూగవోవును. ఆ కాలపు ఆటరాత్రులలో మొదటి గంట ఆ వదులు ముడిని వెదకుటకే చెల్లుచుండెను.

1993 డిసెంబరు 10న ‘డూమ్’ అను ఆట వెలువడెను. నలుగురు తమతమ యంత్రముల మీద ఒకే రంగములో తలపడవచ్చును. దాని తొలి ప్రతి ప్రతి వార్తను జాలములోని యంత్రములన్నింటికిని చాటింపు వేయుచుండెను. ఆడనివారి యంత్రములు కూడ ఆ చాటింపును వినవలసివచ్చి కార్యాలయముల జాలములు మందగించినవి. తరువాతి ప్రతిలో ఆ పద్ధతిని మార్చిరి. యంత్రములను మోసికొని ఒక చోట చేరి ఆడు వేడుకలు పాశ్చాత్య దేశములలో ఈ కాలముననే ప్రబలినవి. స్వీడన్‌లోని మాలుంగ్ అను చిన్న ఊరి బడిలో మిత్రుల కూటముగా మొదలైన ‘డ్రీమ్‌హాక్’ ఇట్టిదే.

తెలుగునాట రాత్రికూటములు

మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మహానగరములలో ప్రజలకు ఇంటర్నెట్టును అందించెను. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకును అనుమతి లభించెను. ఆ నెలలోనే హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యెను. అమీరుపేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల శిక్షణశాలలతోపాటు నెట్ సెంటర్లు వెలసినవి. పగలు దరఖాస్తులకును, పరీక్షాఫలితములకును వాడు యంత్రములే రాత్రి ఆటలకు పనికివచ్చెను. 1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగము, 2000లో సంస్థ విడుదల చేసిన ‘కౌంటర్ స్ట్రైక్’ ఆనాటి కుర్రకారునకు సుపరిచితములు.

ఈ రెండు ఆటలకును ఒక ఉమ్మడి గుణము ఉండెను. ఆటగాండ్రలో ఒకరి యంత్రమే సర్వరుగా, అనగా పంచాయతీ పెద్దగా నిలిచి మిగిలినవారిని కలుపుకొనును. బయటి ప్రపంచముతో పని లేదు. ఇంటర్నెట్టు లేకపోయినను గదిలోని తీగెయే చాలును. ఈ గుణము ఎంత విలువైనదో అపుడెవరికిని తోచలేదు.

క్రమముగా కాలము మారెను. 2011 ఏప్రిలులో వెలువడిన సైబరు కేఫు నిబంధనలు వచ్చువారి గుర్తింపు పత్రములను చూచి పుస్తకములో వ్రాయవలెనని, గదుల అడ్డుతెరలు నాలుగున్నర అడుగులకు మించరాదని విధించెను. అంతలో చేతిఫోనులు వచ్చినవి. 2016 సెప్టెంబరులో జియో సేవ మొదలైన పిదప చౌకయైన డేటా పల్లెలకును చేరెను. నెట్ సెంటరు అవసరము తగ్గెను. 2018లో వచ్చిన ‘పబ్‌జీ మొబైల్’ ఆటలో నూరుగురు ఒకేసారి ఆడజొచ్చిరి. ఆటగాండ్ర సంఖ్య పెరిగినది. కాని పక్కనున్నవాని భుజము తట్టుట తగ్గినది.

కాలవిలంబము

ఇపుడు రెండవ ప్రశ్న. మిత్రులు నలుగురు ఉన్నారనుకొందము: కోస్గిలో ఒకరు, హైదరాబాదులో ఒకరు, బెంగుళూరులో ఒకరు, అమెరికాలోని డల్లాసులో ఒకరు. ఒకరి మీట నొక్కు మరియొకరి తెర మీద కనబడుటకు కొంత కాలము పట్టును. దీనిని కాలవిలంబము అందురు.

కాంతి శూన్యములో సెకనునకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. గాజుతంతువులో దాని వేగము సుమారు 2 లక్షల కిలోమీటర్లకు తగ్గును. కోస్గికిని హైదరాబాదునకును దూరము సుమారు 100 కిలోమీటర్లు; వార్త పోయి వచ్చుటకు సెకనులో వెయ్యవ వంతు చాలును. హైదరాబాదు, బెంగుళూరుల నడుమ సుమారు 500 కిలోమీటర్లు. అందులకు వెయ్యింట 5 వంతులు. డల్లాసు భూగోళము మీద సూటిగా లెక్కించినను 14,000 కిలోమీటర్లకు పైబడును. పోయి వచ్చుటకు కనీసము వెయ్యింట 140 వంతులు కావలెను. సముద్రగర్భమున పరచిన తీగెలు సూటిగా పోవు గనుకను, దారిలో ఎన్నో కూడళ్లు ఉండును గనుకను ఆచరణలో ఇంకను ఎక్కువ పట్టును. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న భూస్థిర ఉపగ్రహము ద్వారా పంపినచో దాదాపు అర సెకను. ఎంత మంచి యంత్రము కొన్నను ఈ లెక్కను తగ్గింపజాలము. ఇది ప్రకృతి విధించిన సుంకము.

ఈ సుంకమును ఓర్చుకొను ఉపాయములను శిల్పులు రెండు విధముల కనుగొనిరి. తుపాకి పేల్చు ఆటలలో క్షణము ఆలస్యమైనను గురి తప్పును. కావున 1996 డిసెంబరులో ‘క్వేక్‌వరల్డ్’ అను ప్రతిలో జాన్ కార్మాక్ ఒక పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆటగాడు అడుగు వేయగానే అతని యంత్రము సర్వరు జవాబునకై వేచియుండక, జరుగబోవు దానిని ఊహించి చూపును. జవాబు వచ్చిన పిదప తప్పుండిన సవరించుకొనును.

సేనలను నడుపు ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ వంటి ఆటలలో పద్ధతి వేరు. ఉత్తరముల ద్వారా చదరంగము ఆడువారు బల్లను టపాలో పంపరు గదా! చెరియొక బల్ల ఉంచుకొని ఎత్తులు మాత్రమే వ్రాసి పంపుకొందురు. అటులనే ఇందులో ప్రతి యంత్రమును యుద్ధమంతయు తనంతట తాను నడుపుకొనును. ‘ఈ భటులు అటు పోవలెను’ అను ఆజ్ఞలు మాత్రమే తీగె మీద నడచును. అందుచేతనే నిమిషమునకు కొద్దిపాటి సమాచారము మోయు పాత టెలిఫోను మోడెముల మీద కూడ ఎనిమిదిమంది వందలకొలది భటులతో ఆడగలిగిరి. ఇచ్చిన ఆజ్ఞను వెంటనే గాక రెండు వంతులు ఆగి అందరి యంత్రములును ఒకేసారి అమలుపరచును. సెకనులో నాలుగవ వంతు ఆలస్యమును ఆటగాండ్రు గమనింపనే లేదనియు, ఒకసారి వేగము, ఒకసారి ఆలస్యము అయినపుడే విసుగుకొనిరనియు ఆ ఆటను చేసినవారు పరీక్షలలో కనుగొనిరి.

కావున మన నలుగురు మిత్రులకు సమాధానము స్పష్టము. కోస్గి, హైదరాబాదు, బెంగుళూరుల వారు ఏ ఆటనైనను ఆడవచ్చును. డల్లాసు మిత్రుడు కలసినపుడు మాత్రము తుపాకి ఆటను ప్రక్కకు పెట్టి సేనల ఆటను ఎన్నుకొనుట మేలు. అట్లు చేయనిచో అతడు ప్రతిసారి ఓడి, నాలుగు వారములలో రాక మానును. ఓటమి అతని చేతివాటము వలన గాక సముద్రము వలన కలిగినదని ఎవరికిని తోచదు.

తాళపుచెవి ఎవరి వద్ద?

కాలక్రమమున అనేక ఆటలలో సర్వరు ఆటగాండ్ర చేతినుండి సంస్థల చేతికి పోయెను. ఇందులో సౌకర్యము కలదు: కొత్తవారు సులభముగా దొరకుదురు, మోసగాండ్రను అరికట్టవచ్చును. నష్టమును కలదు. 2010లో వచ్చిన ‘స్టార్‌క్రాఫ్ట్’ రెండవ భాగములో స్థానికజాలము మీద ఆడు వీలునే తీసివేసిరి. ఒకే గదిలో కూర్చున్న ఇరువురును సంస్థ సర్వరు ద్వారానే కలియవలెను. 2014 మే 31న ‘గేమ్‌స్పై’ అను సేవ మూతపడెను. ఆటగాండ్ర యంత్రములను ఒకదానికొకటి పరిచయము చేయుటయే దాని పని. దానిని నమ్ముకొన్న అనేక ఆటలు ఒక్కమారుగా మూగవోయినవి. ‘ది క్రూ’ అను ఆట సర్వరును 2024 మార్చి 31న ఆపివేయగా, డబ్బిచ్చి కొన్నవారు ఒంటరిగా కూడ ఆడలేకపోయిరి. అందుపై ఐరోపాలో ప్రారంభమైన ప్రజావిజ్ఞప్తి మీద 2025లో సంతకములు 10 లక్షలు దాటెను. ప్రభుత్వ నిర్ణయముల చేతను ఇట్లే జరుగవచ్చును: 2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వము నిషేధించిన 118 ఆప్‌లలో ‘పబ్‌జీ మొబైల్’ ఒకటి.

దీనికి ప్రతిగా ‘డూమ్’ చరిత్రను చూడవలెను. దాని మూలాదేశములను 1997లోను, ‘క్వేక్’ మూలాదేశములను 1999లోను కర్తలే బహిరంగపరచిరి. నాటినుండి ఏ కొత్త యంత్రము వచ్చినను దానికి తగినట్లు ఆ ఆటలను మలచుకొనువారు దొరకుచునే ఉన్నారు. ముప్పది ఏండ్లు దాటిన ఆట నేడును నడచుచున్నది. అంతకంటె ఎంతో చిన్నదైన ఆట సంస్థ తాళము వేయగానే నశించినది. యంత్రము పాతబడుట కంటె తాళపుచెవి పరుల వద్ద ఉండుటయే పెద్ద ఆపద అని దీని వలన తేలుచున్నది.

పునరుద్ధరణ మార్గము

మొదటి ప్రశ్న మిగిలినది: పాత ఆట కొత్త యంత్రము మీద నడచునా? ఆటంకములు రెండు. ‘డూమ్’ కాలపు ఆటలు ఐపిఎక్స్ అను పాత భాషలో వార్త పంపుకొనును. విండోస్ విస్టా నుండి ఆ భాషకు విండోసులో చోటు లేదు. కాని ‘డాస్‌బాక్స్’ వంటి అనువాదక ప్రోగ్రాములు పాత కంప్యూటరును కొత్త కంప్యూటరులో అభినయించి, ఐపిఎక్స్ పొట్లములను ఇంటర్నెట్టు పొట్లములలో చుట్టి పంపును.

రెండవది చిరునామా ఆటంకము. ఇంటర్నెట్టు సంస్థలు చిరునామాలు చాలక, ఒకే బహిరంగ చిరునామా వెనుక అనేకుల ఇండ్లను ఉంచుచున్నవి. ఒకే గుమ్మము గల వాడలోనివారు బయటికి పోవచ్చును గాని, బయటివారికి లోపలి ఇల్లు తెలియదు. ఇట్టి ఇంటిలోని యంత్రము సర్వరుగా నిలువలేదు. గుమ్మము లేని మిత్రుని యంత్రమును సర్వరుగా చేయుట ఒక మార్గము. అందరిని ఒకే గదిలో ఉన్నట్లు భ్రమింపజేయు కల్పిత స్థానికజాలమును ప్రోగ్రాము ద్వారా ఏర్పరచుకొనుట మరియొకటి.

యంత్రముల పని ఇంతటితో ముగియును. మిగిలినది మనుష్యుల పని. శనివారము రాత్రి 9 గంటలు కోస్గిలో అయినపుడు, డల్లాసులో వేసవినాట అదే శనివారము ఉదయము 10.30, చలికాలమున 9.30. ఈ గంట ఇరువైపుల వారికిని తీరికదే. ఆట వెంబడి మాటయు వినబడునట్లు ఫోను కలుపుకొనవలెను. పాతరాత్రులలో నవ్వులే సగము ఆట. పందెము చొప్పింపరాదు: డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టునాటి కేంద్ర శాసనము నిషేధించినది. మితమును పాటింపవలెను: ఆటను అదుపు చేసికొనలేక తక్కిన పనులు చెడగొట్టుకొను స్థితిని 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో వ్యాధిగా చేర్చిరి. వారమున ఒక రాత్రి మిత్రులతో గడుపుట అట్టిది కాదు. ముగింపు గంటను ముందుగా నిర్ణయించుకొనినచో అట్టిది కానేరదు.

2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వపు టి-ఫైబర్ పథకమును ప్రయోగాత్మకముగా ఆరంభించిన గ్రామములలో కోస్గికి సమీపమున ఉన్న మద్దూరు ఒకటి. ఇంటింటికిని గాజుతంతువు చేరిన కొలది, సొంత ఊరిలో నిలిచిన మిత్రుడు నగరమున ఉన్నవానితో సరిసమానముగా ఆడగలుగును. కాని తంతువు తెచ్చునది దారి మాత్రమే. పాత ఆట డిస్కును పారవేయక పెట్టె అడుగున దాచినవారును, దాని నకలును తక్కినవారికి అందించినవారును, శనివారము తొమ్మిది గంటలకు తప్పక వచ్చువారును ఉండవలెను. మండపపు రాతి మీది గీతలను ఏ సంస్థయు మూయజాలదు గనుక ఎదుటివాడు రాగానే ఆట మొదలగును. కంప్యూటరు ఆటకును అట్టి స్థితిని కల్పించుకొనుటయే పునరుద్ధరణ.